పావులూరి మల్లన: అరవై నాలుగు గళ్ల లెక్క తెలుగులో కట్టినవాడు

ఫస్టియర్ సి ల్యాబ్‌లో ఒక ప్రోగ్రామ్ రాయమన్నారు. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా గడి గడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్లకూ కలిపి ఎన్ని గింజలు? లూప్ రాయడం ఎంతసేపు! రాశాను, రన్ కొట్టాను. జవాబు −1 వచ్చింది.

మాది నకిరేకల్. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ కొనుగోలు కేంద్రం ముందు వడ్ల కుప్పలు చూస్తూ పెరిగినవాణ్ని. తేమ ఎక్కువుందని తరుగు తీయడం చూశాను గానీ, కుప్పకు కుప్ప మాయమై ఎదురు ఒక గింజ బాకీ పడటం ఎక్కడా చూడలేదు. పక్క సిస్టమ్ మీద ఉన్న సీనియర్ నవ్వి, ఇంట్ తీసేసి అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ పెట్టుకోమన్నాడు. పెట్టాను. ఈసారి స్క్రీన్ మీద ఇరవై అంకెలు వరుసగా నిలబడ్డాయి: 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615.

ఆ సంఖ్యను నేను రెండోసారి చూసింది కంప్యూటర్‌లో కాదు, ఒక పాత తెలుగు పద్యంలో. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటి పద్యం అది. ఒక్క అంకె తేడా లేదు. రాసినవాడి పేరు పావులూరి మల్లన. ఇంటర్ దాకా తెలుగు పుస్తకాల్లో నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన అందరినీ చదివాం కదా, ఈయన మాత్రం ఎప్పుడూ ఒక లైన్‌లో వచ్చి వెళ్లిపోయేవాడు. అందుకే ఈ వ్యాసం ఆయన గురించి.

ఊరు, రాజు, తాత పేరు

మల్లన తన గురించి పుస్తకం మొదట్లోనే కొన్ని పద్యాల్లో చెప్పుకున్నాడు. కమ్మనాడులోని పావులూరు ఆయన ఊరు. ఇది నేటి బాపట్ల జిల్లాలో ఇంకొల్లు దగ్గర ఉంది. తండ్రి పేరు శివ్వన. వంశానికి పిఠాపురం పక్కనున్న నవఖండవాడ అనే ఊరు రాజరాజు దానంగా ఇచ్చాడు. నవఖండ్రవాడ అన్న పేరుతో ఆ ఊరు ఇప్పటికీ ఉంది.

ఆ రాజరాజు మనకు తెలిసినవాడే. రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు. పాలించిన కాలం 1022 నుంచి 1061. నన్నయ చేత మహాభారతం తెలుగు చేయించింది ఈయనే. ఊరు అందుకున్న మల్లనే గణితం రాశాడని కొందరు పండితులు అంటారు. అప్పుడు ఆయన నన్నయకు సమకాలికుడు అవుతాడు. ఊరు అందుకున్నది తాత మల్లన అనీ, గణితం రాసింది అదే పేరున్న మనవడు అనీ మరికొందరు అంటారు. అప్పుడు పుస్తకం 12వ శతాబ్దం తొలి రోజులకు జరుగుతుంది. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నదే కాబట్టి ఈ చిక్కు వింతేమీ కాదు. ఏ లెక్కన చూసినా తెలుగులో కావ్యం పుట్టిన తొలి నూరేళ్లలోనే తెలుగులో గణితం కూడా పుట్టింది.

ఒక్కసారి ఆ కాలాన్ని ఊహించుకోండి. పద్యం రాయాలంటే ఇంకా పూర్తిగా నిలదొక్కుకోని భాష. చదువంటే సంస్కృతం. అలాంటప్పుడు ఒకాయన కూర్చొని వర్గమూలం, భిన్నాలు, వడ్డీ, చెరువు తవ్వకం లెక్కలు తెలుగు పద్యాల్లో కడుతున్నాడు. రాజుల కథ కాదు, దేవుడి కథ కాదు. లెక్కలు! తెలుగులో తొలి శాస్త్రగ్రంథం అని చరిత్రకారులు చెప్పేది ఈ పుస్తకాన్నే.

మల్ఖేడ్ నుంచి వచ్చిన లెక్కలు

మల్లన పుస్తకం పేరు సారసంగ్రహ గణితం. దీనికి మూలం మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, అంటే 9వ శతాబ్దం మధ్యలో ఉన్నవాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం. ఇప్పుడు మల్ఖేడ్ అంటున్నాం. మన తాండూరు దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే సేడం పక్కన వస్తుంది. ఆ జైనుల లోకం మనకు దూరమైంది కూడా కాదు. మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోని కొలనుపాక పాత జైన క్షేత్రమే.

మహావీరుడి పుస్తకం మామూలుది కాదు. వెయ్యికి పైగా శ్లోకాలు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి 24 స్థానాల దాకా పేర్లు ఇచ్చాడు. కూడికల నుంచి త్రైరాశికం, క్షేత్రఫలం, నీడతో ఎత్తు కొలవడం దాకా అన్నీ ఉన్నాయి. తప్పు కూడా ఒకటి ఉంది. ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే అది మారకుండా అలాగే ఉంటుందన్నాడు. మనం ఎగ్జామ్‌లో అలా రాస్తే మార్కులు పోతాయి.

ఆయనకు అందమైన సంఖ్యలంటే ఇష్టం. గుణకారం నేర్పేటప్పుడు జవాబు ఒక హారంలా, అంటే ఎటునుంచి చదివినా ఒకేలా వచ్చే లెక్కలు ఏరి పెట్టాడు. కాలిక్యులేటర్ తీసి మీరే చూడండి. 152207ను 73తో గుణిస్తే 11111111. 12345679ను 9తో గుణిస్తే 111111111. 142857143ను 7తో గుణిస్తే 1000000001. 27994681ను 441తో గుణిస్తే 12345654321. ఒకటి నుంచి ఆరు దాకా మెట్లెక్కి మళ్లీ ఒకటికి దిగే సంఖ్య. పిల్లవాడు గుణకారంలో ఎక్కడైనా తప్పితే హారం తెగిపోతుంది. జవాబు చూడగానే తప్పో ఒప్పో వాడికే తెలిసిపోతుంది. ఆ రోజుల్లోనే టెస్ట్ కేసులు అన్నమాట.

మల్లన ఇదంతా ఉన్నదున్నట్టు దించలేదు. కొన్ని వదిలేశాడు, కొన్ని కుదించాడు, కొత్త ఉదాహరణలు చేర్చాడు. మూలంలో జినుడికి నమస్కారం ఉంటే, శివభక్తుడైన మల్లన తన దేవుణ్ని తలుచుకున్నాడు. జైన గుడి లెక్కలు శివపూజ లెక్కలయ్యాయి. దేవుడు మారాడు, సూత్రం మారలేదు. ఒక మతం వాళ్ల చదువును ఇంకొక మతం వాడు గౌరవంగా తీసుకుని తన ఇంటి భాషలో తన పిల్లలకు చెప్పుకున్నాడు. నాకైతే అనువాదం అంటే ఇదే అనిపిస్తుంది.

సంఖ్యను పద్యంలో ఎలా దాచాడు

ఇప్పుడు మన ఇరవై అంకెల దగ్గరికి వద్దాం. చదరంగపు గళ్లలో రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే చంపకమాల ఒకటి పావులూరి గణితం పేరు మీద తరతరాలుగా వస్తోంది. అందులో అంకెలు అంకెల్లా ఉండవు. వస్తువుల పేర్లుగా ఉంటాయి. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు.

కిటుకు తేలిక. ఆకాశం అంటే ఏమీ లేనిది కాబట్టి 0. చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, బ్రహ్మ ముఖాలు నాలుగు. మన్మథుడి బాణాలు ఐదు. తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఇక అంకెల్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. అంటే పద్యంలో మొదట వచ్చే మాట ఒకట్ల స్థానం. ఈ పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ఆగుతుంది. అందుకే సంఖ్య 1తో మొదలై 5తో ముగుస్తుంది.

మన సంఖ్యలో 1 మూడుసార్లు ఉంది. కవి చంద్రుడికి మూడు వేర్వేరు పేర్లు వాడాడు. 7 మూడుసార్లు ఉంది. కొండకు మూడు వేర్వేరు పేర్లు. 4 నాలుగుసార్లు ఉంది. రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మ ముఖాలు. సున్నాలు రెండు, ఆకాశానికి పేర్లు రెండు. ఇది అలంకారం కోసం కాదు. చంపకమాలలో పాదానికి 21 అక్షరాలు. ఏది లఘువో ఏది గురువో ముందే నిర్ణయమై ఉంటుంది. పదకొండో అక్షరం దగ్గర యతి కుదరాలి. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ప్రాసగా కలవాలి. అందుకే ఒకే అంకెకు రకరకాల కొలతలున్న మాటలు చేతిలో ఉండాలి.

దీనివల్ల వచ్చే లాభం మన బ్రాంచ్ వాళ్లకు చప్పున తెలుస్తుంది. తాటాకు మీద 18446744073709551615 అని అంకెలు గీస్తే, కాపీ చేసేవాడు ఒక 4 మరిచిపోయినా, 7ను 1గా చదివినా ఎవరికీ తెలియదు. అదే పద్యంలో ఒక మాట జారితే గణం తప్పుతుంది. నోటితో చదవగానే కుంటుపడుతుంది. డేటా పంపేటప్పుడు చెక్‌సమ్ కలిపి పంపుతాం కదా, ఛందస్సు ఇక్కడ ఆ పని చేస్తోంది. నూటికి నూరు పాళ్లు కాదు. అదే కొలతలో ఇంకో మాట పడితే పట్టుకోలేదు. కానీ శతాబ్దాల పాటు చేతి రాతల మీద, పిల్లల నోళ్ల మీద ప్రయాణం చేసి ఈ సంఖ్య ఒక్క అంకె కూడా చెడకుండా మన దాకా వచ్చింది.

ఇంతకీ కంప్యూటర్ లేకుండా లెక్క ఎలా కట్టారు? 63 సార్లు రెట్టింపు చేసి అన్నీ కూడనక్కర్లేదు. 2ను వర్గం చేస్తే 4. దాన్ని వర్గం చేస్తే 16. తర్వాత 256, 65536, 4294967296. ఇంకోసారి వర్గం చేస్తే 18446744073709551616. ఆరు గుణకారాలు, అంతే. ఇక ప్రతి గడిలో ఉన్నది అంతకు ముందు గళ్లన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. 8 చూడండి, దాని ముందున్న 1, 2, 4 కలిపితే 7. కాబట్టి 65వ గడి ఉంటే అందులో ఎంత ఉండేదో కట్టి, ఒకటి తీసేస్తే 64 గళ్ల మొత్తం వస్తుంది. ఈ సగం చేసి వర్గం చేసే పద్ధతి మనవాళ్లకు పింగళుడి నుంచి వచ్చింది. ఆయన దాన్ని కట్టింది ఛందస్సు కోసం. ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువులు ఎన్ని రకాలుగా అమర్చొచ్చు అని లెక్కించడానికి. మహావీరుడు అదే దారిని గుణోత్తర శ్రేఢి మొత్తానికి వాడాడు. ఆల్గారిథమ్స్ క్లాసులో మనం ఫాస్ట్ ఎక్స్‌పొనెన్షియేషన్ అని నేర్చుకుంటున్నది ఇదే. పద్యం కోసం పుట్టిన లెక్క తిరిగి పద్యంలోకే చేరింది.

ఇదే సంఖ్యను 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ తన కాలగణన గ్రంథంలో ఇచ్చాడు. అంటే మల్లన చెప్పినది అప్పటి ప్రపంచంలో పెద్ద పెద్ద పండితులు చేస్తున్న లెక్కే. తేడా ఏమిటంటే ఈయన దాన్ని తెలుగు చదివే మనిషి చేతిలో పెట్టాడు.

ఆ సంఖ్య ఎంత పెద్దది, ఎలాంటిది

మా ఊరి లెక్కలో చెబుతా. వెయ్యి దొడ్డు వడ్లగింజలు 25 గ్రాములు అనుకుందాం. అప్పుడు 40 కిలోల బస్తాలో 16 లక్షల గింజలు. ఇరవై గళ్లు నిండేసరికి 10,48,575 గింజలు. ఇంకా బస్తా నిండలేదు. ఇరవై ఒకటో గడితో బస్తా దాటిపోతుంది. సగం బల్ల, అంటే 32 గళ్లు అయ్యేసరికి 4,29,49,67,295 గింజలు. సుమారు 107 టన్నులు, 2,684 బస్తాలు. నకిరేకల్ దగ్గర విజయవాడ హైవే మీద అయిదారు లారీలు వరుసగా పోతే చాలు. ఇంతదాకా ఏ రాజైనా భయపడడు. ఇక రెండో సగం. మొత్తం అయ్యేసరికి 46 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే దాదాపు 575 ఏళ్ల పంట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వడ్లగింజలు కథ చదివినవాళ్లకు ఈ లెక్క ఎవర్ని ఎలా ఇరికిస్తుందో తెలుసు. చదవనివాళ్లు ఈ సెలవుల్లో తప్పకుండా చదవండి.

సంఖ్య లోపల ఇంకో అందం ఉంది. మల్లన తర్వాత చాలా కాలానికి బయటపడింది. వర్గంలోంచి ఒకటి తీసేస్తే రెండు ముక్కలవుతుందని ఎనిమిదో తరగతిలో చదివాం. ఆ సూత్రాన్ని దీని మీద మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం వస్తుంది. ఇవే ఫెర్మా సంఖ్యలు. 17వ శతాబ్దంలో ఫెర్మా ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధానాలు. ఆరోది కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు. అది 641, 6700417ల లబ్ధం. అంటే ఎక్కడో ఐరోపాలో ఒక మహా గణితవేత్త ఊహ తప్పిన చోటు మన చంపకమాల లోపలే ఉంది. ఇంకో తమాషా చెప్పనా? రెండును రెండుతో గుణిస్తూ పోతేనే పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కటీ లేదు.

ఇక నాకు వచ్చిన −1 సంగతి. ఇంట్‌కు 32 బిట్లే. సగం బల్లకే అన్నీ 1లతో నిండిపోయాయి. గుర్తున్న సంఖ్యల్లో అన్నీ 1లు ఉంటే దాని అర్థం −1. ఆపై వచ్చే గింజలకు చోటే లేదు. 64 బిట్ల అన్‌సైన్డ్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా మల్లన పద్యంలోనిదే. దానికి ఇంకొక్క గింజ కలిపితే మళ్లీ సున్నా. మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు లెక్కపెట్టే హద్దు ఆ చదరంగం బల్లే.

పేరే పుస్తకమైంది

మల్లన ఎప్పుడు పోయాడో ఎవరూ రాసిపెట్టలేదు. బతికింది పుస్తకం. దాని అసలు పేరు సారసంగ్రహ గణితం అయితే జనం పావులూరి గణితం అనే పిలిచారు. మనం హయ్యర్ ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ అనం కదా, గ్రేవాల్ తీసుకురా అంటాం. రాసినవాడి పేరే పుస్తకం పేరు కావడం అంటే జనం దాన్ని నిజంగా వాడారని గుర్తు. ఊరి లెక్కలు రాసే కరణాలు, పొలం కొలిచేవాళ్లు, వడ్డీ కట్టేవాళ్లు దీన్ని నేర్చుకున్నారు. 1912లో మద్రాసులో రంగాచార్య గారు మహావీరుడి సంస్కృత గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేశారు. అప్పటికి మల్లన దాన్ని తెలుగులోకి తెచ్చి ఎనిమిది వందల ఏళ్లు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. సమితులు, బహుపదులు, శ్రేఢులు అన్నీ తెలుగులోనే అర్థమయ్యాయి. ఇక్కడికొచ్చాక మొదటి సెమిస్టర్‌లో క్లాసులో చెప్పేది తెలిసినా చెయ్యి ఎత్తడానికి భయపడ్డాను. తెలుగు పద్యాలకీ పాటలకీ పనికొస్తుంది గానీ లెక్కలకు పనికిరాదని నాకు నేనే అనుకున్నాను. నాలా అనుకున్నవాళ్లు మన హాస్టల్‌లో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, అందులో అనుమానం లేదు. మల్లన కూడా సంస్కృతం బాగా నేర్చుకునే ఈ పని చేశాడు. నేర్చుకుని అక్కడే ఉండిపోలేదు. తిరిగి ఇంటికి వచ్చి, రాని వాళ్లకు వచ్చిన భాషలో చెప్పాడు.

మొన్న దసరాకి ఇంటికి పోయినప్పుడు మా తాతకు ఈ లెక్క చెప్పాను. ఆయన బడి మొహం చూడలేదు. కల్లం దగ్గర కూర్చొని నేలమీద గళ్లు గీసి, గింజలు పెట్టుకుంటూ పోయాం. పది గళ్లకే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై ఒకటో గడికి బస్తా దాటుతుందని నేను చెప్పకముందే ఆయనకు అందింది. నా లెక్క కంటే ఆయన అంచనాయే ముందు పోయింది. ఒక్క ఇంగ్లీషు మాట అవసరం పడలేదు.